పద్మావతమ్మ వెనకనడక

యాభై ఎనిమిదేళ్ళు వచ్చేదాకా పద్మావతమ్మకి హాబీ అంటూ ఏదీ లేదు. ఎవరైనా అడిగితే, "నాకెందుకమ్మా అవన్నీ, ఇల్లుందిగా" అనేది. భవానీపురంలో అపార్ట్‌మెంట్ కాపురం. భర్త వెంకటకృష్ణారావుకి బెంజ్ సర్కిల్ దగ్గర నీళ్ళ మోటార్ల షాపు. మన గురించి నలుగురూ ఏమీ అనుకోకుండా ఉండటమే పరువని ఆయన నమ్మకం.

మోకాళ్ళ నొప్పులకి డాక్టరు రోజూ నడవమన్నాడు. నడక మొదలుపెట్టిన రోజే, కృష్ణ ఒడ్డు రోడ్డు మీద ఒక గోధుమరంగు కుక్క ఆవిడ వెంటపడింది. మొరగలేదు, మీదికి రాలేదు, ఊరికే వెనకాలే వచ్చింది. ఆవిడకి అదే భయం వేసింది. మొరిగే కుక్కయితే దాని ఉద్దేశమేంటో తెలుస్తుంది. ఇది లోపల ఏమనుకుంటోందో! వీపు చూపిస్తే కరుస్తుందని ఎప్పుడో ఎవరో చెప్పింది గుర్తొచ్చి, గిరుక్కున తిరిగి, దాని కళ్ళలోకే చూస్తూ ఇంటిదాకా వెనక్కి వెనక్కి నడిచింది. గేటు దగ్గర కుక్కకే విసుగొచ్చి వెళ్ళిపోయింది.

ఇంట్లోకొచ్చి కూర్చున్నాక చూసుకుంటే మోకాళ్ళ నొప్పులు లేవు. పైగా, ఎవరితోనూ చెప్పుకోలేనంత సరదాగా ఉంది.

మర్నాడు కుక్క రాలేదు. అయినా ఆవిడ వెనక్కే నడిచింది.

"ముందుకి నడుస్తుంటే అన్నీ మీదికొచ్చి పడ్డట్టు వచ్చి, ఇట్టే పోతాయండీ" అని భర్తకి వివరించింది. "ఇట్లా నడిస్తే దాటిపోయినవి కూడా కాసేపు కళ్ళముందే ఉంటాయి. ఆ ఇడ్లీ బండి ఉందా, నేను మలుపు తిరిగేదాకా అది కనపడుతూనే ఉంటుంది."

"ఇడ్లీలు కావాలంటే తెప్పిస్తాగా పద్మా" అన్నాడాయన బతిమాలుతున్నట్టు. "మనుషుల్లా నడువు."

ఆవిడ వినలేదు. కొత్తలో దెబ్బలు తగిలాయి. ఒకసారి కరెంటు స్తంభాన్ని గుద్దుకుని, "సారీ అండీ" అని దానికి చెప్పి మరీ పక్కకి జరిగింది. తర్వాత మెకానిక్ దగ్గర పాత స్కూటర్ అద్దం ఒకటి కొనుక్కుని, చేత్తో పట్టుకుని నడవడం మొదలుపెట్టింది. వాచ్‌మన్ అంతోని వయసులో ఉన్నప్పుడు లారీ క్లీనరు. ఆవిడ వెనక్కి నడుస్తూ గేటులోకి వస్తుంటే చూసి అతనిలో పాత ప్రాణం లేచొచ్చింది. గేటు రేకు మీద అరచేత్తో దబదబ బాదుతూ, "రానీ… రానీ… కొంచెం లెఫ్ట్ కొట్టండి అమ్మగారూ… రైట్, రైట్… హోల్డాన్!" అని కేకపెట్టేవాడు. ఆవిడ ఠక్కున ఆగేది. సరిగ్గా లిఫ్టు ముందు.

వెంకటకృష్ణారావు పరువు పూర్తిగా పోయింది మాత్రం ఒక పెళ్ళి రిసెప్షన్‌లో. అప్పటికి ఆవిడకి ముందుకి నడిస్తే కళ్ళు తిరగడం మొదలైంది. ఆయన ముందు చూపుతో, ఆవిడ వెనక చూపుతో, గూడ్సు బండి డ్రైవరూ గార్డూ లాగా ఫంక్షన్ హాల్లోకి వెళ్ళారు. గుమ్మం దగ్గర పెళ్ళికూతురి తల్లికి ఆవిడ వీపే కనిపించింది. "అయ్యో, అప్పుడే బయల్దేరారేంటి వదినగారూ, భోంచేసి వెళ్ళండి!" అని తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. తిన్నారు. తిరిగి వెళ్ళేటప్పుడు ఆవిడ మొహం లోపలివాళ్ళ వైపు ఉంది. పెళ్ళికొడుకు బాబాయి చూసి, "రండి రండి, ఇప్పుడా రావడం" అంటూ పన్నీరు చల్లించి, మళ్ళీ బంతిలో కూర్చోబెట్టాడు. కాదంటే బాగుండదని రెండోసారీ తిన్నారు. కార్లో ఆయన ఇంటిదాకా మాట్లాడలేదు. కొంత కోపం, కొంత కడుపు నిండిపోవడం.

మూడో అంతస్తులో ఉండే సాయిశ్రీ పిల్లల పుస్తకాలకి బొమ్మలు వేస్తుంది. ఒకరోజు తలుపు కొట్టి, "ఆంటీ, మీమీద ఒక బొమ్మల పుస్తకం వేస్తాను, కాదనకండి" అంది. వారం తిరక్కుండా బొమ్మలు తెచ్చింది. అందులో పద్మావతమ్మ లేదు. కళ్ళజోడు పెట్టుకుని చీర కట్టిన పీత ఒకటి ఉంది.

పద్మావతమ్మ కైకలూరు వైపు చెరువుల మధ్య పుట్టిన మనిషి. "పీత పక్కకి నడుస్తుందమ్మా, వెనక్కి కాదు. వెనక్కి గెంతేది రొయ్య" అంది.

"అయితే రొయ్యని వెయ్యనా ఆంటీ?"

పక్క గదిలో పేపరు చదువుకుంటున్న వెంకటకృష్ణారావు లేచి వచ్చాడు. "చూడమ్మా, మా ఆవిడ వెనక్కి నడిస్తే సరిపెట్టుకుంటున్నాను. రొయ్యని చేస్తే మాత్రం ఊరుకోను."

చివరికి పద్మావతమ్మని పద్మావతమ్మగానే వేసింది. నేరేడు రంగు చీర, చేతిలో అద్దం, ఎదురుగా ఊరు చిన్నదైపోతూ. పుస్తకం పేరు 'వెనక్కి నడిచే మామ్మ'.

ఊళ్ళో ఒక స్కూలువాళ్ళు ఆ పుస్తకాన్ని చిన్నపిల్లల ముందు విడుదల చేయిస్తామన్నారు. పద్మావతమ్మ స్టేజీ మీదికి వెనక్కి నడిచొచ్చింది. పిల్లలు బెంచీలెక్కి చప్పట్లు కొట్టారు. "మీరు కూడా నేర్చుకోవచ్చు" అందావిడ మైకులో. ఆ ఒక్క మాటే కొంప ముంచింది.

బెల్లు కొట్టగానే పిల్లలందరూ వెనక్కి నడుస్తూ బయల్దేరారు. టీచర్లకి ఎంత సంతోషమో! ఏనాడూ తిరిగి చూడని పిల్లలు, మొహాలు ఇటే పెట్టి, గేటుదాకా చేతులూపుతూ వెళుతున్నారు. గేటు బయట తల్లిదండ్రులకి మాత్రం ఒకే రంగు యూనిఫాంలూ, ఒకే రకం బ్యాగులూ కనిపించాయి. వెనకాల హారన్లు. అందరికీ తొందరే. చేతికందిన బ్యాగు పట్టుకుని బండెక్కించుకుని పోయారు.

కాసేపటికి ఫోన్లు మొదలయ్యాయి. "మా ఇంట్లో ఎవరో పిల్లాడు పూరీలు తింటున్నాడండీ, మీవాడేనా?" అని ఒకరు. "మా పాప ఎక్కడుందో కానీ, ఇక్కడున్న పాప మాత్రం మా కుక్కకి స్నానం చేయిస్తోంది" అని ఇంకొకరు. ఒక తాతగారు, వచ్చిన పిల్లవాడు చెప్పిన మాట వింటున్నాడు, రేపు మార్చుకుంటే కుదరదా అని అడిగారు.

చీకటిపడే లోపే ఎవరి పిల్లలు వాళ్ళకి చేరారు. కానీ స్కూలు ఆవరణంతా కేకలు. సాయిశ్రీ ఏడుస్తోంది. పద్మావతమ్మ స్టేజీ అంచున తలొంచుకుని కూర్చుంది. ఇంతమందిని ఏడిపించానే అనుకుంటోంది. షాపు వదిలేసి పరిగెత్తుకొచ్చిన వెంకటకృష్ణారావుని జనం చుట్టేశారు.

"ఆవిడ మీ మనిషేనా?"

ఇన్ని నెలలుగా ఆయన భయపడుతున్న ప్రశ్న అదే. భార్య వైపు చూశాడు. ఆవిడ అంత చిన్నదైపోయి కూర్చోవడం ఆయనెప్పుడూ చూడలేదు.

"మా ఆవిడే" అన్నాడు. తర్వాత గొంతు పెరిగింది. "వెనక్కి నడిచినావిడ ఇంతవరకూ ఒక్కసారి కూడా ఇంకొకళ్ళింటికి వెళ్ళలేదండీ. తిన్నగా మా ఇంటికే వస్తుంది. ముందుకి నడిచే మీరు, కన్నపిల్లల మొహం చూసుకోకుండా బ్యాగు పట్టుకుని ఎట్లా పోయారు? నిన్నటిదాకా సరైనవాళ్ళనే తీసుకెళ్ళారని నమ్మకమేంటి?"

కొందరు పక్కనున్న పిల్లల గడ్డం ఎత్తి మొహం చూసుకున్నారు. పూరీలు పెట్టిన ఆవిడ ముందుగా నవ్వింది. ఆ తర్వాత గొడవ నిలబడలేదు.

పుస్తకం బాగానే అమ్ముడుపోయింది. ఆ స్కూల్లో మాత్రం పిల్లలకి అందకుండా పై అరలో పెట్టారు.

ఇప్పుడు వెంకటకృష్ణారావు కూడా పొద్దున్నే నడకకి వస్తున్నాడు. ఆయన ముందుకే నడుస్తాడు. ఆయనకెదురుగా రెండడుగుల దూరంలో ఆవిడ వెనక్కి నడుస్తుంది. పెళ్ళయ్యాక ఇన్నేళ్ళలో ఒకరి మొహం ఒకరు ఇంతసేపు చూసుకోవడం ఇదే.

"స్పీడ్ బ్రేకర్" అన్నాడాయన.

ఆవిడ మడమ ఎత్తి దాటింది. "ఏమండీ, మీసానికి రంగు ఒక పక్కే వేసుకున్నారేంటి?"

"ఎప్పుడూ అట్లాగే వేస్తానుగా" అన్నాడు. మీసం తడుముకుని, "ఎవరూ చెప్పలేదే!" అన్నాడు.