సుగుణమ్మకు పోసిన తెల్ల వైన్

2004 ఎండాకాలం. ఆళ్లగడ్డలో నంద్యాల రోడ్డు మీద నా వైన్ షాపు. పేరుకు వైన్ షాపే గానీ అమ్ముడుపోయేది బ్రాందీ, విస్కీ, బీరు. డిపోవాళ్లు ఎప్పుడో అంటగట్టిన ఎర్ర వైన్ సీసాలు మూడు పై అరలో దుమ్ముకొట్టుకుని ఉండేవి. సాయంత్రం ఎండ నేరుగా వాటి మీదే పడేది. అడిగేవాడు లేడు, నాకూ పట్టింపు లేదు.

ఒకరోజు దావీదన్న వచ్చాడు. బెంగళూరులో పెద్ద హోటల్లో ముప్పై ఏళ్లు స్టీవర్డుగా పనిచేసి, రిటైరై ఊరు చేరినాయన. స్టీవర్డంటే టేబుల్ దగ్గర నిలబడి వడ్డిస్తూ, ఏ వంటకానికి ఏ వైన్ కుదురుతుందో చెప్పే మనిషి. క్వార్టర్ సీసాల కోసం తోసుకుంటున్న జనం తగ్గేదాకా ఇస్త్రీ చొక్కాతో ఓపిగ్గా ఆగి, పై అర చూపించాడు.

"ఆ సీసా ఇట్లియ్యప్పా."

ఇచ్చాను. వయసు మీద పడి చేతులు వణుకుతున్నాయి. సీసా మూతి బొటనవేలితో నొక్కి చూసి మొహం చిట్లించాడు.

"ఎన్నేండ్లాయ దీన్ని నిలబెట్టి?"

"మూడేండ్లు అయింటాదన్నా. ఏం?"

"పడుకోబెట్టాల. లోపలి వైన్ తగులుతా ఉంటేనే కార్క్ తడిగా ఉంటాది. ఎండిపోతే గాలి దూరి పులిసిపోతాది. ఇది ఇంగ చింతపులుసు కింద లెక్క."

కార్క్ అంటే చెట్టు బెరడుతో చేసే బిరడా. అది ఎండుతుందనీ, సీసాలను పడుకోబెట్టాలనీ అప్పటిదాకా నాకు తెలియదు.

"సీసాలకు గూడా పరుపెయ్యాల్నా అన్నా?" అని నవ్వాను. ఆయన నవ్వలేదు.

"మంచిదైనా ఎర్రది నాకొద్దులే. సంగటి, నాటుకోడి పులుసు చేపిస్తాండా. కారం మీద ఎర్రది తాగితే నోరు ఇంకా మండుతాది. రోంత తీపుండే తెల్లది కావాల."

"ఎవరన్నా దొరలొస్తాండారా?"

"మా ఇంటామెకప్పా."

ఆయన భార్య సుగుణమ్మ చర్చిలో స్త్రీల కూటానికి పెద్ద. నా షాపు ముందు నడవాల్సొస్తే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, మొహం అటు తిప్పుకుని పోయేది.

"తాగుబోతులకు పోసే పని అని దానికి నామోషీ," అన్నాడు దావీదన్న. "అడిగినోళ్లకంతా నేను మేనేజరని చెప్పుకున్యాది. నా పనేందో ఒక్కసారన్నా దానికి చూపించాలప్పా. ఎట్లనో ఒప్పించినా. ఒక్క గుక్కే అనింది. అది నచ్చకుంటే మళ్లా ఆ ఊసెత్తొద్దనింది."

ఆ మాట నాకు సూటిగా తగిలింది. మా ఆవిడ కూడా చుట్టాల దగ్గర "వ్యాపారం" అని ఊరుకునేది. ఏ వ్యాపారమో చెప్పేది కాదు.

మర్నాడే నంద్యాల బస్సెక్కాను. నాలుగు షాపుల్లో నన్ను పిచ్చోణ్ణి చూసినట్టు చూశారు. ఐదో షాపులో, ఫ్రిజ్ అడుగున బీరు సీసాల కింద ఒక్కటంటే ఒక్క తెల్ల వైన్ దొరికింది. తడి గోనెపట్టాలో చుట్టి, పసిబిడ్డను పట్టుకున్నట్టు ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. దావీదన్న మురిసిపోయి, "నువ్వూ రావాలప్పా, సాక్షి కావాల," అన్నాడు.

ఆదివారం సాయంత్రం పొద్దు గుంకకముందే వెళ్లాను. వసారాలో టేబుల్ మీద తెల్ల దుప్పటి పరిచాడు. తడి ఇసుక పోసిన కుండలో సీసా చల్లబడుతోంది. సుగుణమ్మ వండిన సంగటి, కోడి పులుసు, చెనక్కాయలు నూరిన పచ్చడి ఊరిబిండి ఘుమఘుమలాడుతున్నాయి. ఆమె మాత్రం కూర్చోదే!

"మొగుడు నిలబడి వడ్డిస్తాంటే నేను తినాల్నా? చూసినోళ్లు నవ్వుతారు."

"ఈ పూటకు నేను మొగుణ్ణి గాదు, స్టీవర్డును," అని కుర్చీ జరిపాడు.

ఆమె నవ్వాపుకుంటూ కూర్చుంది. ఆయన ముంజేతి మీద తువ్వాలు వేసుకుని, సీసా మీది కాగితం ఆమెకు చూపించి, గ్లాసులో సగానికి పోశాడు. నా కౌంటర్ దగ్గర వణికిన చేయి అదేనా అనిపించింది. ఒక్క బొట్టు దుప్పటి మీద పడలేదు.

ఆమె ప్రార్థన చేసుకుని, ఆముదం తాగినట్టు కళ్లు మూసుకుని గుక్క మింగింది.

"పులిసిన బియ్యపు కలినీళ్ల మాదిరుండాది."

దావీదన్న మొహం వాడిపోయింది. ఒప్పుకున్న ఒక్క గుక్కా అయిపోయింది.

"రోంత కోడి పులుసు తిని మళ్లా తాగు సుగుణా," అన్నాడు మెల్లగా.

ఆమె మొగుడి మొహం చూసి కాదనలేకపోయింది. సంగటి పులుసులో ముంచి తిన్నది. కారానికి కళ్లు చెమర్చాయి. గ్లాసెత్తి తాగి, ఆగి, గ్లాసు వంకే చూసింది.

"మంట తగ్గిందే!" ఇంకో ముద్ద, ఇంకో గుక్క. "పులుసు గూడా రుచి తేలినట్లుండాది. ఇంగ రోంత పొయ్యి."

నేను చప్పట్లు కొట్టినంత పని చేశాను. ఆమె తినడం ఆపి ఆయన వైపు తిరిగింది.

"ఇట్లుంటాదని నీకు ముందే తెలుసునా?"

"అదేగదా నా పని."

"మరి ఇన్నేండ్లు చెప్పలేదేందయ్యా?"

"నువ్వు అడగల్యా."

ఆమె లేచి సీసా లాక్కుంది. "కూచో."

"స్టీవర్డు కూచోగూడదే."

"డ్యూటీ అయిపోయింది. కూచో!" అని ఆయన గ్లాసులో మజ్జిగ పోసినట్టు అంచుదాకా పోసింది. సగానికి మించి పోయకూడదని ఆయన చెప్పలేదు. ముంజేతి మీది తువ్వాలుతోనే కళ్లు తుడుచుకున్నాడు.

"ముప్పై ఏండ్లు అందరికీ పోసినా సుగుణా. నాకు ఎవురూ పొయ్యల్యా."

నేనూ కళ్లు తుడుచుకున్నాను. కారం మీదికి నెట్టేశాను.

తర్వాతి ఆదివారం చర్చి వదిలాక సుగుణమ్మ నలుగురు ఆడవాళ్లతో నా షాపు ముందు నుంచే పోయింది. ముక్కుకు కొంగు లేదు. "మా ఆయన బెంగళూర్లో స్టీవర్డు. ఏ కూరకు ఏది పొయ్యాల్నో ఆయన్నే అడగాల," అని నాకు వినపడేటంత గట్టిగా చెబుతోంది.

అప్పటినుంచి నా షాపులో వైన్ సీసాలు ఎండ తగలకుండా పడుకునే ఉంటాయి. కానీ ఆ దంపతుల దగ్గర నేను నేర్చుకున్నది అదొక్కటే కాదు. సుగుణమ్మ మాటలు విన్న ఆ రోజే ఇంటికెళ్లి, నా షాపు సంగతులు మా ఆవిడకు మొదటిసారి కూర్చోబెట్టి చెప్పాను. ఆమె నవ్వుతూ విన్నది, మధ్యమధ్య ప్రశ్నలు కూడా వేసింది. నా పనంటే ఆమెకు నామోషీ అని ఇన్నేళ్లూ అనుకున్నాను. ఎప్పుడూ చెప్పనిది నేనే.