మా యాకమ్మలూ, సారు గారి క్యాలెండరూ

పొద్దున్నుంచి కంప్యూటర్లో ప్రోగ్రామింగ్ భాష పైథాన్‌ను మూడుసార్లు తీసేసి మూడుసార్లు వేశాను. ఎందుకో వినండి.

నేను మహబూబాబాద్‌లో ఇంటి నుంచే పనిచేస్తాను. నిన్నటిదాకా నడిచిన ప్రోగ్రాం ఇవాళ, పైథాన్‌లో ముందే ఉండే, తేదీల లెక్కలు చూసే ‘క్యాలెండర్’ మాడ్యూల్ దగ్గర ఆగిపోయింది. సాయంత్రానికల్లా క్లయింటుకు ఇవ్వాలి. హైదరాబాద్‌లో ఉండే మా టీం లీడ్‌కు ఫోన్ చేస్తే, కోడ్ తెరిచైనా చూడకుండా తేల్చేశాడు: “మీ ఊళ్లో నెట్ అంతంత మాత్రమే కదా. పైథాన్ సగమే దిగి ఉంటుంది. మళ్లీ వేసుకోండి.”

మూడోసారికి ఒళ్లు మండి, అసలు ఆ మాడ్యూల్ ఏ ఫోల్డర్ నుంచి వస్తోందో తెర మీద ప్రింట్ చేసి చూశాను. అది పైథాన్‌ది కానే కాదు! నిన్న ఈయనగారే మా ప్రాజెక్టు ఫోల్డర్‌లో అదే పేరుతో ఒక ఫైలు పెట్టాడు.

మళ్లీ ఫోన్ చేశాను.

“సార్, మా వాడకట్టుల నలుగురు యాకమ్మలున్నరు. ‘యాకమ్మా’ అని పిలిస్తే దగ్గరున్నామెనే ముందుగాల పలుకుతది. గిది గూడ గట్లనే. పలికేది మీ ఫైలు. మా నెట్‌ను ఎందుకు తిడుతున్రు?”

“సరే, ఆ పేరు మార్చెయ్యండి” అన్నాడు. సారీ మాత్రం నోట్లోంచి ఊడిపడలేదు.

మార్చాను. మహబూబాబాద్‌ను మేం మానుకోట అంటాం. ఆ ఫైలు పేరిప్పుడు ‘మానుకోట క్యాలెండర్’. ఇకమీదట దాన్ని నడపాలంటే ఆయన ముందుగా మా ఊరి పేరు టైపు కొట్టాల్సిందే.

ఎక్కువ చేశానంటారా?