ఫిలోమినా కాన్పు, రోమ్ మాట

2010 మొదట్లో, ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం నడుస్తున్నప్పుడు, నేను తార్నాకలోని ఒక మిషన్ ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటర్ నర్సును. యూనివర్సిటీ మాకు నడిచి వెళ్ళేంత దూరం. క్యాంపస్‌లో టియర్ గ్యాస్ వదిలితే మా లేబర్ రూమ్ కిటికీలు మూసుకోవాల్సి వచ్చేది. లాఠీ దెబ్బలు తిన్న విద్యార్థులు వెనక గేటు నుంచి వచ్చేవాళ్ళు. కుట్లు వేసి, పేర్లు రాసుకోకుండానే పంపేవాళ్ళం. అలా చేయమన్నది మా డైరెక్టర్ ఫాదర్. ఒకసారి పోలీసులు లోపలికి వస్తామంటే ఆయన గేటుకు అడ్డంగా నిలబడి, "మీకు ఆర్డర్ ఉన్నది, నాకు అంతరాత్మ ఉన్నది" అన్నారు. ఇన్‌స్పెక్టర్ వెనుదిరిగి వెళ్ళిపోయాడు. మా ఫాదర్ అని ఆ రోజు నేను గర్వంగా చెప్పుకున్నాను.

మా దగ్గర కాన్పులకు సంబంధించిన ఆపరేషన్లన్నీ జరిగేవి, ట్యూబెక్టమీ తప్ప. అంటే పిల్లలు పుట్టకుండా గర్భనాళాలను ముడివేసి కత్తిరించడం. మా శ్రీసభ, అంటే కాథలిక్ చర్చి, దాన్ని పాపమంటుంది. పోపులు ఒకరి తర్వాత ఒకరు అదే చెప్పారు. కాథలిక్ ఆసుపత్రిలో చేరిన రోజే ఈ సంగతి అందరికీ చెబుతారు. నేను పుట్టు కాథలిక్కును కాబట్టి నాకు కొత్తగా చెప్పాల్సిన పని కూడా లేదు.

ఫిలోమినా మా ఆసుపత్రిలో కాన్పుకు రావాల్సిన మనిషి కాదు. ఆమె భర్త జోసెఫ్ యూనివర్సిటీ హాస్టల్ మెస్‌లో వంటవాడు. మొదటి రెండు కాన్పులూ సిజేరియన్లే. మూడోది సర్కారు దవాఖానలో చేయించుకుని, అక్కడే ట్యూబెక్టమీ కూడా చేయించుకోవాలని ఆమె ముందే మాట్లాడి పెట్టుకుంది. కానీ నొప్పులు మొదలైన రోజు బంద్. రోడ్ల మీద టైర్లు తగలబడుతున్నాయి, ఆటోలు లేవు. క్యాంపస్ క్వార్టర్ల నుంచి పొట్ట పట్టుకుని భర్తతో నడుచుకుంటూ మా దగ్గరికి వచ్చింది.

మా గైనకాలజిస్ట్ డాక్టర్ రెజీనా గుంటూరు వైపు మనిషి. రోజూ చర్చిలో పూజకు వెళ్ళి ఆ తర్వాతే డ్యూటీకి వచ్చేవారు. ఆ రోజు స్పైనల్ ఇచ్చారు. నడుము కింద మొద్దుబారుతుంది గాని మనిషి మెలకువగానే ఉంటుంది. పొట్ట తెరవగానే మేడం చేయి ఆగింది. గర్భసంచి మీద పాత కోత ఉన్నచోట కండే లేదు. పల్చటి పొర వెనక బిడ్డ జుట్టు కనబడుతోంది. ఇంకొక గంట ఆలస్యమైతే అది పగిలి ఉండేది. ఆడపిల్లను క్షేమంగా బయటికి తీశాం.

"ఫిలోమినా, మళ్ళీ కడుపొస్తే నువ్వు బతకవమ్మా. ట్యూబ్స్ కట్టేయనా?" అని మేడం ఆమె ఛాతీ దగ్గర అడ్డంగా కట్టిన తెర మీదుగా అడిగారు.

"కట్టుర్రి మేడం. గందుకే గదా నేను సర్కారు దవాఖానకు పోదామన్నది."

మేడం నా వైపు చేయి చాచి బాబ్‌కాక్ అడిగారు. గర్భనాళాన్ని గాయపడకుండా పట్టుకునే పరికరం అది. ఇచ్చాను. అంతలో థియేటర్‌లో డ్యూటీలో ఉన్న నన్, ఒక కన్యస్త్రీ, గబగబా బయటికి వెళ్ళింది. తలుపు మళ్ళీ తెరుచుకునేసరికి, బయటివాళ్ళు దాటకూడని ఎర్రగీత అవతల ఫాదర్ నిలబడి ఉన్నారు.

"మేడం, వద్దు. ఇక్కడ అది జరగదు."

"ఫాదర్, ఈ గర్భసంచి కాగితంలా ఉంది. మళ్ళీ మోయలేదు."

"అర్థమైంది. ఇట్లాంటి కేసు గురించే రోమ్‌ల పోపుగారి ఆఫీసును ఎప్పుడో అడిగిన్రు. కూడదనే జవాబు వచ్చింది."

"పోపుగారు పొరపడరని శ్రీసభ ప్రకటించిన బోధలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఇది వాటిలో లేదు. ఆ సంగతి మీకు నాకన్నా బాగా తెలుసు."

"తెలుసు. అయినా ఆయన మామూలుగా బోధించినదానికి కూడా మనం మనసారా లోబడాలె. నచ్చింది తీసుకొని నచ్చనిది విడిచిపెడితే పోపు ఎందుకు మేడం, ఎవరికి వాళ్ళే పోపు అయితరు."

"మొన్న గేటు దగ్గర అంతరాత్మ అన్నారే!"

"అది సర్కారు. ఇది శ్రీసభ." ఆయన గొంతు పెంచలేదు. "మీరు మనసులో విభేదించండి, నేను కాదనను. కానీ ఈ ఆసుపత్రి బిషప్ పీఠానిది. ఇక్కడ మీ చేత్తో చేయొద్దు."

అప్పుడు తెర వెనక నుంచి ఫిలోమినా గొంతు వినబడింది. "గీడ పండుకున్నది నేను గదా. నన్నెవరూ అడుగుతలేరేంది ఫాదర్?"

ఫాదర్ తల దించుకున్నారు. కానీ తలుపు దగ్గర నుంచి కదల్లేదు. మత్తు డాక్టరు మానిటర్ వైపు తిరిగిపోయాడు. మేడం బాబ్‌కాక్‌ను నా ట్రేలో పెట్టేశారు. "సూచర్ ఇవ్వు జోజమ్మా" అన్నారు. పొట్ట కుట్టడం అయ్యాక తెర తీశాం. ఫిలోమినా కళ్ళ పక్క నుంచి నీళ్ళు చెవుల్లోకి కారుతుంటే నేను గాజుగుడ్డతో తుడిచాను.

డిశ్చార్జి నాడు మేడం జోసెఫ్‌ను కూర్చోబెట్టి, ఆరు వారాలు దాటగానే భార్యను సర్కారు దవాఖానకు తీసుకువెళ్ళి ట్యూబెక్టమీ చేయించమని చెప్పారు. అతను సరేనని తలూపాడు. కొన్ని నెలల తర్వాత మెట్టుగూడ వెళ్ళే బస్సులో కనబడితే అడిగాను.

"ఫాదర్‌ను అడిగిన సిస్టర్. పాపమన్నడు. రోజులు చూసుకొని, నిగ్రహంగ ఉండమన్నడు."

"మీ ఆవిడ ఏమన్నది?"

"ఆమె ఒక్కతే పోయింది దవాఖానకు. మొగుణ్ణి తోలుకరా అన్నరంట. నేను పోలే."

నాకు ఒళ్ళు మండింది. "ఉద్యమం చేసే స్టూడెంట్లకు అన్నం మోసుకపోయి లాఠీ దెబ్బలు తింటివి. ఢిల్లీ మాట విననోడివి, గీ మాట ఎట్ల వింటివి?"

"గది వేరే సిస్టర్. సర్కార్లు మారుతయి. పోపుగారి మాట మారుతదా? మేమెంత?"

మరుసటి ఏడాది సకల జనుల సమ్మె నడుస్తుండగా ఒక మధ్యాహ్నం ఫిలోమినాను ఆటోలో తెచ్చారు. మళ్ళీ కడుపు, ఏడో నెల. పెదవులు తెల్లగా ఉన్నాయి, నాడి అందడం లేదు. రప్చర్. పాత కోత పొడవునా గర్భసంచి చీలిపోయి, బిడ్డ పొట్టలోకి జారిపోయింది. రక్తం ఎక్కిస్తూనే తెరిచాం. బిడ్డ అప్పటికే లేదు. మేడం గర్భసంచి తీసేస్తుండగానే ఫిలోమినా గుండె ఆగిపోయింది. ఈసారి మెలకువగా ఉండే మత్తు ఇవ్వలేదు కాబట్టి ఆమె మమ్మల్ని ఏమీ అడగలేదు.

ఫాదర్ పరిగెత్తుకుంటూ వచ్చారు. అవస్థ అభ్యంగనం, అంటే చివరి ఘడియల్లో నుదుట నూనె రాసే సంస్కారం, ఇస్తూ ఏడ్చారు. ఆ ఏడుపు నిజమైనదే. కానీ సమాధి దగ్గర మట్టి వేశాక జోసెఫ్ భుజం మీద చేయి వేసి, "దైవచిత్తం జోసెఫ్" అన్నారు. నేను పక్కనే ఉన్నాను.

"దేవుని మీద ఎయ్యకుర్రి ఫాదర్" అన్నాను. జోసెఫ్ నా ముఖంలోకి చూసి, వెంటనే చూపు తిప్పేసుకున్నాడు.

మేడం ఆ నెలలోనే రాజీనామా చేసి వెళ్ళిపోయారు. నేను ఉండిపోయాను. అప్పటి నుంచి పాత సిజేరియన్ మచ్చతో ఏ తల్లి చెకప్‌కు వచ్చినా, ట్యూబెక్టమీ ఇక్కడ చేయరని, కావాలంటే ఇప్పుడే వేరే చోట పేరు రాయించుకోమని మొదటి రోజే చెప్పేదాన్ని. ఫాదర్‌కు తెలిసి పిలిపించారు.

"పోపుగారి బోధకు ఎదురు చెప్తున్నవంట?"

"చెప్తున్న ఫాదర్."

"మరి ఆదివారం పూజల దివ్యసత్ప్రసాదం తీసుకుంటున్నవు గదా?"

"తీసుకుంటున్న. ఇయ్యొద్దనిపిస్తే మీరే ఆపుర్రి."

ఆయన ఆపలేదు. ఉద్యోగంలోంచి తీసేయనూ లేదు. మా ఇద్దరి మధ్య మాటలు మాత్రం తగ్గిపోయాయి.

రిటైరయ్యాక కూడా మా చుట్టాల్లో కుర్రవాళ్ళు అడుగుతుంటారు, కాథలిక్కు పోపుతో విభేదించవచ్చా అని. పుస్తకాల్లో దీనికి రెండు వైపులా జవాబులున్నాయి. నాకు తెలిసిన జవాబు ఆ థియేటర్‌లోది. ఆ రోజు మేడం విభేదించారు. నేను విభేదించాను. మత్తు డాక్టరు కూడా లోలోపల విభేదించే ఉంటాడు. మమ్మల్ని ఎవరూ శిక్షించలేదు, వెలివేయలేదు. చచ్చిపోయింది ఫిలోమినా ఒక్కతే.