ఆపకుండా నడపాల్సిన బండి

మొన్న మా అమ్మాయి తన కారుకు ఏదో మరమ్మతు చేయించింది. పనిలో పని, పొగ తనిఖీ కూడా చేయిద్దామంటే సర్వీసు సెంటరు అబ్బాయి అప్పుడే వద్దన్నాడు. లోపలి కంప్యూటర్లో ఉన్నదంతా తుడిచేశాడట, పొగ సంగతులన్నీ బండి తనంతట తానే మళ్ళీ చూసుకునేదాకా తనిఖీకి సిద్ధం కాదట, అందుకు కొన్నాళ్ళు నడపాలట, అదీ ఒకే తీరుగా కాదు, కొంతసేపు వేగంగా పోయి, నడుమ నడుమ ఆపి, ఇంజన్ నడుస్తుండగానే ఊరికే నిలబెట్టాలట. ఆపడం కూడా పరీక్షలో భాగమేనని వినేసరికి నాకు ఒళ్ళు మండింది.

నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, సిటీలో కంప్యూటర్ కంపెనీలు పుట్టగొడుగుల్లా లేస్తున్న రోజుల్లో మా వైపు పొలం అమ్మిన ప్రతి ఇంటి ముందూ ఒక సుమో నిలబడేది. మేమూ అంతే. మామ పోయిన కొన్నాళ్ళకే మొయినాబాద్ రోడ్డు పక్కనున్న పొలాన్ని సిటీ షావుకారుకు అమ్మి, చేవెళ్లలో కిరాయి ఇంట్లో దిగి, మా ఆయన సుమో కొని, ఉద్యోగులను తిప్పేందుకు ఒక కంపెనీకి పెట్టాడు. మామను ఆ పొలంలోనే ఓ మూల మట్టిచేశాం. సమాధి జోలికి రానని షావుకారు మాటిచ్చాడు, మాటకేం, ఖర్చు లేనిది. ఆ బండిలో మమ్మల్ని ఎక్కించుకున్న పాపాన పోలేదు మా ఆయన. మా కాళ్ళ మట్టితో సీట్లు ఖరాబవుతాయట, కంపెనీ పిల్లలు ముక్కు మూసుకుంటారట.

కొన్నాళ్ళు తిరిగేసరికి బండి ఇటుకబట్టీలా పొగ కక్కడం మొదలుపెట్టింది. కంపెనీ సూపర్‌వైజర్ పొగగొట్టం దగ్గర తెల్లటి చేతిరుమాలు పట్టి చూసేవాడు, అది నల్లబడిందా, ఆ బండికి సెలవే. మా బండిని బాగుచేయించిన మరునాడే చూపించాలి. బండి పోతే మాకు వేరే బతుకు లేదు, పొలం ఎటూ పోయింది. చేవెళ్ల మేస్త్రీ ఇంజన్ విప్పి కొత్త రింగులు వేశాడు గాని, అవి ఇంకా సరిగ్గా కూర్చోలేదని, బరువుతో నడిపితేనే కూర్చుంటాయని, అప్పుడే పొగ ఆగుతుందని చెప్పాడు.

"నిండ లోడ్ ఏస్కొని మొయినాబాద్ దాంక కొట్టుకరా అన్నా, నడుమ ఆపితే మళ్ల నా పూచీ లేదు."

ఇసుక బస్తాలు వేస్తే సీట్లు చినుగుతాయన్నాడు మా ఆయన. అట్లా మాకు ఆ బండి ఎక్కే యోగం పట్టింది, బస్తాలకు బదులుగా. లావుపాటి మా ఆడబిడ్డను మర్యాదగా ముందు సీట్లో కూర్చోబెట్టాడు, నన్నూ, అప్పటికి పసిదైన మా అమ్మాయినీ, ఇరుగుపొరుగునూ వెనక కుక్కాడు. ఎముకల గూడులా ఉన్న మా అత్తను, తన కన్నతల్లిని చూసి, "నువ్వెక్కినా ఒక్కటే, ఎక్కకున్నా ఒక్కటే తియ్ అవ్వా" అన్నాడు. అయినా ఆమె ఎక్కింది, కాళ్ళు కడుక్కొని మరీ. ఆ రోజు పెత్తరమాస, పోయినవాళ్ళ పేరు మీద బియ్యం ఇచ్చుకునే రోజు. మోకాళ్ళ నొప్పులతో బస్సెక్కలేని ఆ మనిషి, పొలం అమ్మినప్పటి నుంచి మామ సమాధి చూడనేలేదు. కొంగులో గుప్పెడు బియ్యం, మామ తాగే బీడీల కట్ట మూటగట్టుకొని కిటికీ పక్కన కూర్చుంది.

పొలం దగ్గరికి రాగానే, "జర ఆపు బిడ్డా, గీ బియ్యం పెట్టొస్త" అన్నది. ఆపితే మళ్ళీ పొగొస్తుంది, రేపు తీసుకొస్తానన్నాడు కొడుకు. రేపు పెత్తరమాస ఉంటుందా అని నేనడిగితే అద్దంలోంచి ఉరిమి చూశాడు. మొయినాబాద్ దాకా పోయి తిరిగొచ్చేటప్పుడు ఆమె మళ్ళీ అడిగింది, ఈసారి చేతులు జోడించి. కన్నకొడుక్కు చేతులు జోడించింది. ఆయన ఇంకాస్త వేగం పెంచాడు. అప్పుడామె కొంగుముడి విప్పి, ఉన్నదంతా కిటికీలోంచి పొలం వైపు విసిరింది. బీడీల కట్ట రోడ్డు పక్కన పడింది గాని, బియ్యం మాత్రం గాలికి తిరిగొచ్చి మా మొహాల మీద, సీట్ల మీద పడ్డాయి. ఇల్లు చేరాక ఆ గింజలన్నీ ఆమె చేతనే ఏరించాడు. సాయం పోబోతే నన్నూ కసిరాడు. సీట్ల సందుల్లో వేళ్ళు పెట్టి ఒక్కొక్క గింజే ఏరి ఆమె మళ్ళీ కొంగులో వేసుకుంది.

మరునాడు రుమాలు తెల్లగానే ఉన్నది, బండి నిలబడింది, మా బతుకూ నిలబడింది. అత్తను తీసుకుపోతానన్న ఆ రేపు మాత్రం డ్యూటీల నడుమ రానే లేదు. మళ్ళీ వచ్చిన పెత్తరమాసకు ఆమె పేరు మీదే బియ్యం ఇచ్చాం.

మొన్న ఆ కారును నడపడానికి అమ్మాయి మమ్మల్ని అదే రోడ్డు మీదికి తీసుకుపోయింది. పోయేముందు కొంగున గుప్పెడు బియ్యం కట్టుకున్నాను. ఎట్లాగూ ఆపాలి కదా, మా పొలం ఉండిన చోట ఆపమన్నాను. ఆపింది. ఒకదాని పక్కన ఒకటి ఫాంహౌసుల గోడలు, పెద్ద పెద్ద ఇనుప గేట్లు. మా ఆయన దిగి ఒక గేటు చూపించాడు, కాదని పక్కదాన్ని, అదీ కాదని ఇంకోదాన్ని. చివరికి నా వైపు తిరిగి, "అవ్వ ఉంటే చెప్తుండె" అన్నాడు. ఆ రోజుల్లో ఒక్క నిమిషం ఆగితే బతుకు పోతుందని పరుగెత్తాం, ఇప్పుడు బండ్లే ఆగమంటున్నాయి. కారు నిలబడి ఉన్నది, ఇంజన్ నడుస్తూనే ఉన్నది, పొగ లేదు, తొందరా లేదు. కొంగులోని బియ్యం ఎవరి గేటు ముందు పెట్టాలో తెలియక నేను దిగకుండా అట్లాగే కూర్చున్నాను.