మిషను మీద బొట్టు

తొమ్మిదేళ్లుగా ఒక మాట నా గొంతులో చేపముల్లులా అడ్డంపడి ఉంది. మింగుడు పడదు, బయటికి రాదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నా భార్యకు కూడా చెప్పలేదు. చెబితే నా మొహాన ఏమంటుందో తెలుసు గనకే చెప్పలేదు.

వాకాడులో మిక్సీలు, గ్రైండర్లు బాగుచేసుకుని బతుకుతున్నాను. పాత సరుకంటే నాకు పిచ్చి. ఉప్పుగాలికి తుప్పు పట్టి, పాతసామాన్ల గుజరీకి పోవాల్సిన మిక్సీని విప్పి, కడిగి, రాగితీగ చుట్టి మళ్లీ తిప్పిన రోజు ఒక ముద్ద ఎక్కువే తింటాను. నా చెయ్యి పడితే చచ్చిన మిషనైనా లేస్తుందని ఊళ్లో అనేవాళ్లు. నేనూ నమ్మాను. ఆ పొగరే కొంప ముంచింది. ముంచింది నా కొంప కాదు, అదీ బాధ.

సముద్రం పక్క పల్లెలో ఇద్దరు తోటికోడళ్లు ఉండేవాళ్లు. పేర్లు రాయను, పెద్దామె, చిన్నామె అంటాను. పెద్దామె కువైట్‌లో ఒక ఇంట్లో వంటపని చేసి తిరిగొచ్చేటప్పుడు, ఆ ఇంటావిడ ఇచ్చిన పిండి కలిపే మిషను తెచ్చుకుంది. కింద గిన్నె, పైనుంచి దిగే కొక్కెం, ఎత్తితే నడుం పట్టేసే బరువు. అమెరికాలో తయారైన పాత సరుకు. దాంతో ఇద్దరూ కలిసి బన్నులు, కేకులు చేసి చుట్టుపక్కల ఊళ్లకు ఇచ్చేవాళ్లు. తోటికోడళ్లు ఒకే పొయ్యి దగ్గర నవ్వుకుంటూ నిలబడటం మీరెక్కడైనా చూశారా? నేను చూశాను.

గేరు గరగరలాడుతోందని పెద్దామె మిషను ఆటోలో తెచ్చింది. పోతూ పోతూ, "డబ్బా ఇంట్లోనే ఉండాదన్నా, అది లేకుండా ఆన్ చెయ్యబాక" అంది.

డబ్బా అంటే గిన్నె అనుకున్నాను. గిన్నె లేకుండా తిప్పితే ఏమవుతుందిలే, ఆడవాళ్ల భయం అని నవ్వుకున్నాను. ఆమె చెప్పింది కరెంటు తగ్గించే ట్రాన్స్‌ఫార్మరు గురించి. వాళ్లింట్లో దాన్ని డబ్బా అంటారు. ఆ మిషను నూటపది వోల్టులది, మన కరెంటు రెండువందల ముప్పై. ఆ సంగతి వెనక రేకు మీద రాసే ఉంది. కానీ ఏటా ఆయుధపూజకు పెట్టిన పసుపూ కుంకుమా పొరలు కట్టి దాన్ని కప్పేశాయి. ప్లగ్గు పిన్నులు చదునుగా, మనవి కానట్టు ఉన్నాయి. వాటిని చూసైనా ఆగొద్దా? ఆగలేదు. గేరు మార్చి, వేరే ప్లగ్గు తగిలించి స్విచ్చి వేశాను. మిషను ఒక్క రంకె వేసింది. నీలిపొగ వచ్చి ఆగిపోయింది.

తడిగుడ్డతో బొట్టు తుడిచి చూశాను. నూటపది.

ఇంతవరకు పొరపాటు. ఎవరికైనా జరుగుతుంది. ఆ తర్వాత చేసినదాన్ని ఏమనాలి? రేకు అట్లాగే ఉంచితే, ఇంత స్పష్టంగా రాసుంటే చూసుకోలేదా అని అడుగుతారు. అందుకని కొట్లో దేవుడి పటం దగ్గరి కుంకుమ తీసి, ఆ అంకెల మీద మళ్లీ దిద్దాను. పాతదిలా కనబడాలని ముందు పసుపు కూడా రుద్దాను.

మర్నాడు పెద్దామె వచ్చింది.

"ఇది ఇప్పుడు కాలింది కాదమ్మా. ఎవురో ముందే డబ్బా లేకుండా పెట్టేసినారు. లోపల అప్పుడే సగం మాడింది, ఇప్పుడు పూర్తిగా పోయింది" అన్నాను.

"నేనెప్పుడూ అట్టా పెట్టలేదన్నా."

"మరి ఇంట్లో ఇంకెవురు ముట్టుకుంటారు?"

ఆమె వేళ్లమీద రోజులు లెక్కపెట్టుకుంది. అంతకుముందు వారమంతా అత్తను నెల్లూరు ఆస్పత్రిలో పెట్టుకుని అక్కడే ఉండిపోయిందట. "చిన్నదే ముట్టుకునింది. ముట్టుకుని, నాకు చెప్పకుండా దాచిపెట్టింది" అని కొంగుతో మొహం తుడుచుకుంది. మిషను పోయినందుకు కాదు ఆ ఏడుపు. సొంత చెల్లెలికన్నా ఎక్కువ అనుకున్న మనిషి మోసం చేసిందని. నేను పక్కనే ఉన్నాను. ఒక్క మాటతో ఆపగలిగేవాణ్ణి, ఆపలేదు. ఆ ఆఖరి ప్రశ్న ఎందుకు అడిగాను? అబద్ధం అక్కడితో ఆపి ఉంటే నేరం ఎవరిమీదా పడేది కాదేమో. ఎవరిమీదో పడాలనే అడిగాను. ఇప్పుడు తెలుస్తోంది.

విషయం గంగమ్మ గుడి దాకా పోయింది. నన్నూ పిలిచారు. మెకానిక్కన్న చెప్పాడు గదా అని పెద్దలు నా వైపు చూస్తే తలూపాను. చిన్నామె అమ్మవారి ముందు వెలిగే కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి, తాను ముట్టుకోలేదని ప్రమాణం చేసింది. అయినా పెద్దామె మొహం తిప్పుకుంది. చిన్నామె ఆమెను చూడలేదు, నన్ను చూసింది. అబద్ధం నాదేనని చిన్నామెకు తెలుసు. తెలిసీ, ఊరు నమ్మే మనిషిని ఏమనగలదు?

ఆ చెయ్యి బొబ్బలెక్కి, చీము పట్టి, నెల దాకా మానలేదు. దొంగ ప్రమాణం చేస్తే మానుతుందా అన్నారు జనం. పొయ్యిలు వేరయ్యాయి. మరుసటేడు చిన్నామె బిడ్డల్ని తల్లి దగ్గర వదిలి, తానే కువైట్ వెళ్లిపోయింది. ఎవరింట్లోనో పిండి పిసుకుతోందట.

నేనేం చేశానో తెలుసా? ఆ మోటారుకు మన కరెంటుకు సరిపడేట్టు కొత్తగా రాగితీగ చుట్టి, ఇక డబ్బాతో పనే లేకుండా చేసి, ఊరికే ఇచ్చాను. ఎంత మంచోడో అన్నారు. ఆ మాట విన్న రోజు అన్నం సహించలేదు. అదొక్కటే నాకు పడిన శిక్ష. చిన్నామెకు పడినదాంట్లో అది ఏ మూలకు?

ఈ వారం ఆ మిషను మళ్లీ నా బల్ల మీదికి వచ్చింది. గ్రీజు కారుతోంది. పెద్దామె ఒక్కతే, ఆటో డ్రైవరు చేత దింపించింది. జుట్టు నెరిసింది. ఇప్పటికీ నన్ను అన్నా అనే పిలుస్తుంది. మన మనుషులే మనల్ని ముంచుతారన్నా, నువ్వు బయటోడివైనా నిజం చెప్పినావు అంది. తల వంచుకుని గేరు విప్పాను.

క్షమించమని అడగను. అడిగే మొహం లేదు. చిన్నామె నంబరు నా దగ్గర లేదు. పెద్దామె దగ్గర ఉండే ఉంటుంది. మీకు ఇంతా చెప్పాక మాత్రం మెతుకు గొంతు దిగింది.

గ్రీజు మార్చేశాను. మిషను బాగానే తిరుగుతోంది. ఆ తర్వాత తడిగుడ్డ తీసుకుని, రేకు మీద ఇన్నేళ్ల బొట్టూ అడుగుదాకా తుడిచాను. నూటపది అంకె తేటగా కనబడుతోంది. ఈసారి మళ్లీ దిద్దలేదు. రేపు పొద్దున్నే పెద్దామె వస్తుంది. మా వైపు బొట్టు చెరిపితే ఏ ఆడమనిషీ చూసి ఊరుకోదు. ఎందుకు తుడిచినావన్నా అని అడిగి తీరుతుంది.

అడగాలనే తుడిచాను.