పని లేదని రాసిన నలభై ఇళ్లు

నా చిన్నప్పుడు నేను చెప్పిన అబద్ధాలకు లెక్క లేదు గానీ, ఒకే రోజు ఒకే గడప మీద కూర్చుని చెప్పిన రెండు మాత్రం ఇప్పటికీ నన్ను వదల్లేదు. ఒకటి తెలిసి చెప్పాను. రెండోది అబద్ధమన్న సంగతే నాకు తెలియదు. తెలిసి చెప్పినదాన్ని మా బాపు సరిదిద్దాడు. తెలియక చెప్పినదే నా మెడకు చుట్టుకుంది.

డెబ్బైల నాటి మాట ఇది. చార్మినార్ వెనక గల్లీలో, ఒకే వాకిలి చుట్టూ ఆరు వాటాలున్న పాత ఇంట్లో ఉండేవాళ్ళం. నాకు పదేళ్ళు. పక్క వాటాలో ఉండే అక్క బి.ఏ. ఎకనామిక్స్ రెండో సంవత్సరం పరీక్షలు రాసి సెలవుల్లో ఉంది. మా గల్లీలో కాలేజీ గుమ్మం తొక్కిన ఆడపిల్ల ఆమె ఒక్కతే. ఎక్కడికి వెళ్ళాలన్నా ఒంటరిగా పంపేవారు కాదు కాబట్టి తోడుగా నన్ను తీసుకెళ్ళేది. నా తోడు ఆమెకు ఏపాటి రక్షణో ఆ దేవుడికే తెలియాలి! నాలుగడుగులు వేయగానే కాళ్ళు నొప్పులని ఏడ్చేదాన్ని.

అక్కకు ఆ ఎండాకాలం ప్రాణం మీదికి వచ్చిన పని ఒకటుంది. మూడో ఏడులో ఎకనామిక్స్‌తో పాటు స్టాటిస్టిక్స్ కూడా అదనంగా చదువుకోవచ్చని కాలేజీలో చెప్పారట. సీట్లు కొన్నే. సెలవుల్లో ఏదైనా ఆఫీసులో కొన్నాళ్ళు పని నేర్చుకుని, అక్కడి ఆఫీసరు సంతకం చేసిన కాగితం తెచ్చినవాళ్ళకే ఇస్తారట. ఆ సబ్జెక్టు ఉంటేనే పైచదువుకు దారి. వాళ్ళ నాన్న అప్పటికే విసిగిపోయి ఉన్నాడు. సంతకం వస్తే చదువు, రాకపోతే జూన్ నుంచి కాలేజీ బంద్, టైపు నేర్చుకుని ఏదో ఒక కొట్లో కూర్చోవాలని తేల్చి చెప్పాడు. ఆయన మాటంటే మాటే.

క్లాసులో మగపిల్లలకు ఏ ఇబ్బందీ లేకపోయింది. ఒకడికి మేనమామ బ్యాంకులో ఉన్నాడు. ఇంకొకడు బేగంబజార్‌లో తండ్రి స్నేహితుడి టోకు దుకాణంలో చేరాడు. మా అక్కకు ఎవరున్నారు? కాళ్ళరిగేలా ఏడు ఆఫీసులు తిరిగాం. ఒకచోట ఆడపిల్లలను కూర్చోబెట్టే జాగా లేదన్నారు. ఒకచోట పెద్దమనిషి నా చేతిలో బిస్కెట్టు పెట్టి, అక్కను మాత్రం ముఖం కూడా చూడకుండా పంపేశాడు. తిరిగి వచ్చే దారిలో నా చెయ్యి పట్టుకుని ఆమె గబగబా నడిచేది.

ఎనిమిదో చోట దొరికింది. కుటుంబాల వివరాలు సేకరించే ఆఫీసు అది. జీతం లేదు. మీ గల్లీలోనే నలభై ఇళ్ళు తిరిగి ఎవరెవరు ఉన్నారో, ఎవరేం పని చేస్తారో ఫారాల్లో నింపుకురా, సరిగ్గా ఉంటే సంతకం పెడతానని ఆఫీసరు అన్నాడు. అక్క ఆ ఫారాల కట్టను ఒళ్ళో పెట్టుకుని బస్సులో నవ్వింది. ఎన్ని రోజులకో నవ్వింది పిచ్చిది.

మొదటి ఇల్లు మాదే. అమ్మ బొగ్గుల కుంపటి ముందు కూర్చుని ఉంది. వేడికి మెత్తబడిన లక్కగాజు మీద అద్దపు రాళ్ళు ఒక్కొక్కటే బొటనవేలితో నొక్కుతోంది. అది చల్లారేలోపు రాళ్ళన్నీ కూర్చాలి, తలెత్తడానికి ఉండదు. అందుకని అక్క నన్నే అడిగింది.

"చెప్పవే, మీ బాపు ఏం పని చేస్తడు?"

"మిల్లుకు పోతడు."

మిల్లుకు తాళం పడి అప్పటికి ఎనిమిది నెలలు. మా గల్లీ నుంచి ఆ మిల్లుకు పోయేది ఆయనొక్కడే కాబట్టి ఆ సంగతి మా ముగ్గురికే తెలుసు. బాపు రోజూ పొద్దున్నే టిఫిన్ డబ్బా పట్టుకుని, గల్లీ అంతా చూస్తుండగా దర్జాగా బయలుదేరేవాడు. ఎక్కడెక్కడో తిరిగి, దొరికితే ఏదో కూలి చేసి, లేకపోతే ఊరికే కూర్చుని మళ్ళీ వచ్చేవాడు. బయట చెబితే నాలుక కోస్తానని అమ్మ నన్ను బెదిరించింది. కాబట్టి ఆ అబద్ధం నాకు కంఠతా వచ్చు.

"మరి అమ్మ?"

"అమ్మ ఏం పని చెయ్యదు. ఇంట్లనే ఉంటది."

అక్క అలాగే రాసుకుంది. అమ్మ వింది. చేతిలో గాజు పక్కన పెట్టి ఇంకో గాజు తీసుకుంది.

మిగతా ముప్పైతొమ్మిది ఇళ్ళలోనూ ఇదే వరస. ప్రతి ఇంట్లో కుంపటి, ప్రతి కుంపటి ముందు గాజులు. అడిగితే మాత్రం ఒకటే జవాబు. "కామ్ కాయ్‌కా బేటీ, ఘర్ మే బైఠే సో" అని ఎదురింటి ముసలమ్మ నవ్వేసింది, ఇంట్లో కూర్చునేదాన్ని నాకు పనేమిటని. పక్కన మగవాడుంటే ఆడవాళ్ళు అసలు నోరే విప్పేవాళ్ళు కాదు, ఆయనే చెప్పేవాడు. పెళ్ళాం సంపాదన తింటున్నాడని పేరు రావడం కంటే పస్తులుండటం నయం అనుకునే గల్లీ మాది. అక్క కూడా ఆ గల్లీలో పుట్టిందే కదా. సొంత తల్లి పేరు ఎదుట కూడా పని లేదనే రాసింది. ఆమెకు గానీ నాకు గానీ అందులో తప్పు కనబడలేదు.

ఆఫీసరుకు కనబడింది. చార్మినార్ దుకాణాలకు గాజులు ఏ గల్లీ నుంచి వస్తాయో ఆయనకు తెలుసు. నలభై ఇళ్ళల్లో ఒక్క ఆడమనిషి కూడా పని చేయదా, ఇంట్లో కూర్చుని నింపుకొచ్చావా అని అందరి ముందూ కేకలేశాడు. కట్టను బల్ల మీద నుంచి తోసేశాడు. నేనూ అక్కా నేల మీద మోకాళ్ళేసి ఏరుకున్నాం. శనివారంలోగా సరిచేసి తేకపోతే రానక్కరలేదన్నాడు. మధ్యలో నాలుగే రోజులు.

ఆ మధ్యాహ్నం అక్క తన ఇంటికి వెళ్ళలేదు. మా వాటాలోకి వచ్చి, అమ్మ పక్కన కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. గోడ అవతల వాళ్ళ నాన్నకు వినబడకూడదని. అంత పెద్ద మనిషి అలా ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. నాకు భయం వేసి నేనూ ఏడుపు అందుకున్నాను.

"మళ్ళ పోయి అడిగినా గదే చెప్తరు చిన్నమ్మా. నేనేం చెయ్యాలె? నువ్వన్న చెప్పరాదు, ఒక్క ఇల్లన్న నిజం రాస్త."

అమ్మ కుంపటిలోకి చూస్తూ కూర్చుంది. ఆమె నిజం చెప్పాలంటే, ఈ ఇల్లు ఎవరి చేతుల మీద నడుస్తోందో చెప్పాలి. అది చెబితే బాపు పొద్దున్నే పట్టుకెళ్ళే డబ్బా సంగతి బయటపడుతుంది. చెప్పకపోతే ఈ పిల్ల బతుకు బుగ్గిపాలు. పాపం, అడకత్తెరలో పోకచెక్క అయిపోయింది. చివరికి, "నన్నడగకు బిడ్డా" అంది.

బాపు ఎప్పుడు వచ్చాడో మేం చూడలేదు. తలుపు దగ్గర చెప్పులు కూడా విప్పకుండా నిలబడి ఉన్నాడు. మెల్లగా లోపలికి వచ్చి, చేతిలో టిఫిన్ డబ్బా అక్క ముందు పెట్టాడు.

"మిల్లు బందయి ఎనిమిది నెలలాయె. నా పేరు ముందర పని లేదని రాయి" అన్నాడు. "ఈ ఇల్లు నడిపేది మీ చిన్నమ్మ. ఆమె పేరు ముందర గాజుల పనని రాయి."

అమ్మ గబుక్కున ఆయన వైపు చూసి వద్దన్నట్టు తల ఊపింది. అక్క, "వద్దు కాకా, నీ ఇజ్జత్ పోతది" అంది.

"నా ఇజ్జత్ ఏడికి పోదు. నువ్వు రాయి."

ఆయన నిబ్బరంగానే అన్నాడు. కానీ ఆ తర్వాత వెనక్కి తిరిగి, గోడ వైపు ముఖం పెట్టి చాలాసేపు నిలబడ్డాడు. మా బాపు ఏడుస్తున్నాడని నాకు అర్థమైంది. ఏం చేయాలో తెలియక నేను డబ్బా మూత తీసి చూశాను. అందులో అన్నం మెతుకు లేదు, కూర మరక కూడా లేదు. అది ఎన్నాళ్ళుగా ఖాళీగా వెళ్తోందో, ఖాళీగా వస్తోందో!

మర్నాడు పొద్దున్నే బాపు డబ్బా లేకుండా బయటికి వచ్చాడు. అక్క వెంట, నా వెంట, ఇంటింటికీ నడిచాడు. ఆయన ఎవరినీ నిలదీయలేదు. ప్రతి గుమ్మంలో ముందు తన సంగతి చెప్పేవాడు. "నాకు పని లేదు భాయ్. నా పెండ్లాం గాజులు చేస్తేనే మా ఇంట్ల పొయ్యి ముట్టుతది. మీ ఇల్లెట్ల నడుస్తది?" అంతే. మొదటి ఇంటాయన పగలబడి నవ్వాడు. రెండో ఇంట్లో తలుపు వేసేశారు. సిగ్గుతో నాకు తల కొట్టేసినట్టయింది, ఇంటికి పోదామని బాపు చొక్కా పట్టుకుని లాగాను. మూడో గుమ్మం ఎదురింటి ముసలమ్మది. ఆమె కొడుకు ఏదో అనబోతుంటే చేత్తో ఆపింది. కాసేపు మా బాపు ముఖం చూసింది. రాసుకోమని, తాను పన్నెండేళ్ళ వయసు నుంచి లక్క దగ్గరే కూర్చున్నానని, ఈ కొడుకును పెంచింది ఆ గాజులేనని అక్కకు ఉర్దూలో చెప్పుకుంటూ పోయింది. అక్క రాస్తుంటే సిరా బుడ్డి నేను పట్టుకున్నాను.

ఆ తర్వాత కూడా అన్ని తలుపులూ తెరుచుకోలేదు. కొందరు లొల్లి పెట్టారు. కొన్ని ఇళ్ళలో మగవాడు బయటికి వెళ్ళాక ఆడవాళ్ళే మళ్ళీ పిలిపించి రాయించారు. అక్క ఆఖరుగా వాళ్ళమ్మ పేరు ఎదుట పని లేదన్నది కొట్టేసి గాజుల పనని రాసింది. శనివారం ఆఫీసరు ఒక్కో ఫారం తిప్పి చూసి సంతకం పెట్టాడు. అక్క స్టాటిస్టిక్స్ చదివింది, పైచదువూ చదివింది, తర్వాత కాలేజీలో పాఠాలు చెప్పింది.

మా బాపును మాత్రం ఆ గల్లీ సులువుగా క్షమించలేదు. చాయ్ హోటల్లో ఆయన కూర్చుంటే పక్కవాళ్ళు లేచిపోయేవారు. పెళ్ళాం గాజులు తొడుక్కున్నాడని వెనక నుంచి అనేవారు. మిల్లు మళ్ళీ తెరవలేదు. కొన్నాళ్ళకు ఆయన అమ్మ పక్కన కూర్చుని కుంపటి విసరడం మొదలుపెట్టాడు. ఆ రోజు గురించి మా ఇంట్లో ఎవరమూ మళ్ళీ మాట్లాడుకోలేదు. అమ్మ ఏం పని చెయ్యదన్న నా రెండో మాటకు నేను ఆమెను క్షమించమని అడగనూ లేదు. ఇవాళ అడుగుదాం, రేపు అడుగుదాం అనుకుంటూనే ముసలిదాన్నయిపోయాను.

అమ్మను చివరిసారి ఆసుపత్రిలో చేర్పించినప్పుడు, కౌంటర్ దగ్గర అమ్మాయి పేరు, వయసు రాసుకుని, వృత్తి దగ్గర నన్ను అడక్కుండానే 'ఏమీ లేదు' అని గబగబా రాసేసింది. కొట్టేయమన్నాను. లక్కగాజుల పని అని రాయమన్నాను. ఎనభై దాటిన మనిషి, ఇప్పుడేం పని చేస్తుంది ఆంటీ అని ఆ పిల్ల విసుక్కుంది. నా వెనక వరసలో ఉన్నవాళ్ళు గొణుక్కున్నారు. చక్రాల కుర్చీలో అమ్మ కళ్ళు మూసుకుని ఉంది, వింటోందో లేదో తెలియదు. అరవై ఏళ్ళు చేసింది, రాయి తల్లీ అన్నాను. ఆ అమ్మాయి కొట్టివేసి, పైన చిన్న అక్షరాలతో రాసేదాకా నేను అక్కడి నుంచి కదల్లేదు.