నాగవేణి అతికి చూపించిన పోగు

2018లో జరిగింది ఇది. అప్పుడు నేను ధర్మవరంలో ఏఎన్ఎంగా పనిచేస్తున్నాను. ఏఎన్ఎం అంటే ఇల్లిల్లూ తిరిగే నర్సు. గర్భిణుల పేర్లు రాసుకోవడం, పిల్లలకు టీకాలు వేయడం, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌కు ఆడవాళ్లను వెంటబెట్టుకుని పోవడం, అన్నీ మా పనే. మొన్న ఫోన్లో నువ్వు అడిగావు కదా కావ్యా, "అవ్వా, పేషెంటు సంతకం పెడితే కన్సెంట్ అయిపోయినట్టేనా" అని. ఫోన్లో చెప్పేంత చిన్న జవాబు కాదది. అందుకే హిందూపురంలో ఈ వరండాలో కూర్చుని రాస్తున్నాను. తమ్ముడికి కూడా చదివి వినిపించు.

నాగవేణికి పుట్టుకతోనే చెవులు వినపడవు, మాట రాదు. బడికి పంపలేదు. ఇరవై నాలుగేళ్లుంటాయి. మొగుడు శీనా పట్టుచీరలు నేస్తాడు. వాళ్లకు రెండేళ్ల పాప. ఒకరోజు ఆ పాప, నేసేవాళ్లు కాళ్లు పెట్టుకునే మగ్గం గుంతలో పడింది. పెద్ద దెబ్బ తగల్లేదు గానీ, ఎంతసేపు ఏడ్చిందో ఎవరికీ తెలియదు. ఆ వారమే అత్త ఓబులమ్మ నన్ను పిలిపించింది.

"సిస్టరమ్మా, దీనికి ఆపరేషన్ చేపిచ్చేయ్. బిడ్డ ఆడ గుంతలో పడి ఏడుస్తాంటే ఇది ఈడ కూర్చోని నగుతాండాది. ఇంగొకటి పుడితే ఎవురు చూస్తారు, నేనెంత కాలముంటా?"

"శీనా, నువ్వేమంటావప్పా?" అన్నాను.

"మాయమ్మ చెప్పినట్లే మేడం," అన్నాడు తల ఎత్తకుండా.

నాగవేణి అప్పుడు మగ్గం దగ్గర కూర్చుని పోగులు అతుకుతోంది. ఒక వార్పు, అంటే మగ్గానికి కట్టిన నిలువు పోగుల వరస, నేయడం అయిపోయాక, దాని చివరలకు కొత్త వార్పు పోగులను ఒక్కొక్కటిగా కలపాలి. వేలకొద్దీ పోగులు. వేళ్లకు విబూది అద్దుకుని, రెండు చివరలు పట్టి చిన్న మెలిక తిప్పితే అతుక్కుపోతాయి. ఆ వీధిలో ఆమెంత చురుగ్గా అతికేవాళ్లు లేరు.

నేను ఆమె పొట్ట మీద చెయ్యి పెట్టి, పాపను ఎత్తుకున్నట్టు చూపించి, ఇక వద్దన్నట్టు చెయ్యి ఊపాను. అర్థం కాలేదు. కింద పడున్న ఒక పోగు తీసుకుని, పొట్ట దగ్గర పెట్టి, కత్తెరతో కత్తిరించాను. ఆమె కళ్లు వెలిగాయి. నవ్వుతూ తలూపింది. కన్సెంట్ ఫారం మీద, అంటే ఆపరేషన్‌కు ఒప్పుకున్నట్టు రాసే కాగితం మీద, ఆమె బొటనవేలు నేనే పట్టి ముద్ర వేయించాను. చాలా తెలివిగా చెప్పాననుకున్నాను. ఆ నెల నేను లెక్క చూపించాల్సిన ఆపరేషన్ల లిస్టులో ఒక్క కేసూ లేదు, అది కూడా దాచను.

ఆపరేషన్ రోజు పొద్దున ఆసుపత్రిలో ఆపరేషన్‌కు వచ్చినవాళ్లు నలుగురు ఉన్నారు. అది ఏ ఆసుపత్రో చెప్పను. నాగవేణిది మూడో నంబరు. పచ్చ గౌను వేయించి, గాజులు తీసి ఓబులమ్మకు ఇచ్చాను. రెండో ఆమెను లోపలికి తీసుకుపోయారు. ఇక ఈమెకు మత్తు సూది వేయాలి.

అప్పుడు నాగవేణి నా చెయ్యి పట్టుకుంది. గౌను అంచులో వేలాడే ఒక దారం పీకింది. పొట్ట దగ్గర పెట్టి, వేళ్లతో కత్తెరలా చేసి, పుటుక్కున తెంపింది. సరేనన్నట్టు తలూపాను. తర్వాత పాప ఎత్తు చూపించింది. ఆ చేతిని మెల్లగా పైకి లేపి, నడుము దాకా తెచ్చి, భుజానికి సంచి తగిలించుకున్నట్టు చూపించింది. పాప బడికి పోయేనాటికి అని. ఆ తెంపిన రెండు ముక్కలూ దగ్గరికి తెచ్చి, వేళ్ల మధ్య మెలి తిప్పి, అతికింది. చేతులతో ఉయ్యాల ఊపింది. తర్వాత నా గుండె మీద వేలు పెట్టి, కనుబొమలు ఎగరేసింది.

అప్పుడు నువ్వే కదా అతికేది, అని అడుగుతోంది.

రోజంతా తెగిన పోగులు అతికే మనిషికి నేను పోగు తెంపి చూపించాను. ఆమెకు తెగడం అంటే ఏమర్థమవుతుంది?

మత్తు సూది ట్రే పట్టుకుని ఇంకో నర్సు వచ్చింది. "ఆగమ్మా, ఈమెకు వెయ్యొద్దు," అన్నాను. రెండో కేసు ముగించి లోపలి నుంచి డాక్టరు గారు వచ్చారు.

"ఏంటి సిస్టర్, లేటవుతోంది."

"ఈమెకు అర్థం కాలేదు సార్. మళ్లీ కలుపుతామనుకుంటోంది."

"వేలిముద్ర ఉంది కదా?"

"ఆ ముద్ర నేను వేయించిందే సార్. తప్పు వేయించినాను."

"మళ్లీ కలిపే సర్జరీ కూడా ఉంది సిస్టర్."

"తప్పకుండా పిల్లలు పుడతారని రాసిస్తారా సార్?"

ఓబులమ్మ లేచింది. "ఏమమ్మా, ఇంటికొచ్చి రాసుకుంటివి, ఈడికొచ్చి అడ్డం పడతాండావు. రేపు ఆ బిడ్డకేమన్నా అయితే నువ్వొచ్చి ఎత్తుకుంటావా?"

పెనుకొండలో జరిగిన ఒక ట్రైనింగు నాకు గుర్తొచ్చింది. వికలాంగుల హక్కుల చట్టం గురించి చెబుతుంటే సగం కునికిపాట్లు పడ్డాను. ఒక్క ముక్క మిగిలింది. పిల్లలు పుట్టకుండా చేసే ఏ ఆపరేషనైనా, ఆ మనిషికి అర్థమై, తనంతట తాను ఒప్పుకుంటేనే చేయాలి. అత్త ఒప్పుకుంటే కాదు, మొగుడు ఒప్పుకుంటే కాదు. అదే చెప్పాను.

"ఐదు నిమిషాలు," అన్నారు డాక్టరు గారు.

ఇంకో దారం తీసుకున్నాను. ఈసారి మధ్యలో ముక్క కత్తిరించి తీసి, చెత్తబుట్టలో పడేశాను. మిగిలిన రెండు చివరలకూ ముడులు వేశాను. నాగవేణి వాటిని తీసుకుని అతకబోయింది. ఆమె వేళ్లు పట్టుకుని ఆపాను. మళ్లీ ప్రయత్నించింది. మళ్లీ ఆపాను. మూడోసారి ఆమే ఆగిపోయింది. చెత్తబుట్ట వైపు చూసింది. అత్త చేతిలోని గాజుల వైపు చూసింది. మంచం దిగి, నా చేతిలోని ఫారం లాక్కుని, తన వేలిముద్ర మీద అరచెయ్యి గట్టిగా మూసి పెట్టింది.

డాక్టరు గారు ఆ చేతిని చూసి, "నాలుగో నంబరును పిలవండి," అన్నారు.

ఓబులమ్మది దుర్మార్గం కాదు, భయం. మరుసటి రోజు పోయి శీనాను కూర్చోబెట్టాను. నేసేవాళ్లు లేనప్పుడు గుంత మీద వేయడానికి ఒక చెక్క మూత చేయించాడు. ఆ ఇంటికి ముందే కావలసింది ఆ మూత. ఎవరికీ తోచలేదు, నాకూ తోచలేదు.

నెల తర్వాత హిందూపురం నుంచి చెవిటి పిల్లలకు పాఠాలు చెప్పే ఒక టీచరమ్మను బతిమాలి వెంట తీసుకుపోయాను. కొన్నేళ్లు పిల్లలు పుట్టకుండా ఆపి, కావాలన్నప్పుడు తీసేసే కాపర్-టీ గురించి ఇద్దరం కలిసి సైగలతో చెప్పాం. దానికి చివర రెండు సన్నటి దారాలుంటాయి. నాగవేణి ఆ దారాలు చూసి నన్ను చూసి నవ్వింది. తలూపింది.

ఆ తలూపుడు నేను తీసుకోలేదు కావ్యా. కాపర్-టీ ఆమె చేతిలో పెట్టి, ఇప్పుడు నువ్వు నాకు చెప్పు అని సైగ చేశాను. ఆమె చేతులతో మొదటి నుంచి చివరి దాకా చెబుతుంటే, నేను ఎదురుగా కూర్చుని తలూపాను.